పెట్టెను తెరవకయే గుట్టు తెలిసికొనుట

సంతలో కుండను కొనువారు దానిని పగులగొట్టి చూడరు. వ్రేలితో తట్టి, నాదమును విని, గట్టిదియో కాదో గ్రహింతురు. విద్యుచ్ఛాస్త్రమునందును ఇట్టి పద్ధతి యొకటి కలదు. ఒక పెట్టెలో ఏ తీగచుట్టలు, ఏ కండెన్సర్లు, ఏ వాల్వులు ఉన్నవో చూడకయే, దాని నడవడిని బయటనుండి కొలిచి చెప్పవచ్చును. ఆ కొలతలకు అడ్మిటెన్సు పరామితులని పేరు. రేడియో సెట్టు సంగీతమును వినిపించుటకు మారుగా కూతపెట్టుటకు గల ఒక కారణము ఈ కొలతలలో ఎట్లు కనబడునో మేము ఇచ్చట వివరింపదలచితిమి.

విద్యుత్ప్రవాహమును ఒక మార్గము ఎంత అడ్డగించునో తెలుపునది ఇంపిడెన్సు; ఎంత సులభముగా పోనిచ్చునో తెలుపునది అడ్మిటెన్సు. ఒకటి రెండవదానికి వ్యుత్క్రమము. 10 ఓముల నిరోధమునకు అడ్మిటెన్సు 0.1. ఈ పేరును ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఆలివర్ హెవిసైడ్ 1887లో పెట్టెను. దీని ప్రమాణమునకు 'మో' అను పేరు ఉండెడిది. ఓమ్ అను మాటను ఆంగ్లలిపిలో వెనుకనుండి చదువగా వచ్చిన మాట యిది. 1971లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ఈ ప్రమాణమునకు 'సీమెన్సు' అను పేరును అంగీకరించినది.

ఇక మన పెట్టెకు ఒక వైపున రెండు కొనలు, మరియొక వైపున రెండు కొనలు ఉన్నవనుకొందము. మొదటిది ప్రవేశద్వారము, రెండవది నిర్గమద్వారము. ఒక్కొక్క ద్వారమున ప్రవహించు కరెంటులో రెండు భాగములుండును: ఒకటి తన ద్వారపు వోల్టేజి వలన కలుగునది, రెండవది ఎదుటి ద్వారపు వోల్టేజి వలన కలుగునది. కావున మొత్తము నాలుగు సంఖ్యలు తెలిసిన చాలును. వీనిని కొలుచుటకు ఒక ద్వారపు కొనలను లావుపాటి తీగతో కలిపివేయుదురు. అప్పుడు అచ్చట వోల్టేజి సున్న యగును. రెండవ ద్వారమున 1 వోల్టు నిచ్చి, రెండు చోట్లను కరెంటును కొలుతురు. తరువాత ద్వారములను తారుమారు చేసి మరల కొలుతురు.

ఒక ఉదాహరణమును చూతము. రెండు ద్వారములకును ఒక తీగ ఉమ్మడిగా నున్నది. ప్రవేశపు తీగకును ఉమ్మడి తీగకును నడుమ 20 ఓములు, నిర్గమపు తీగకును ఉమ్మడి తీగకును నడుమ 5 ఓములు, ప్రవేశ నిర్గమముల తీగల నడుమ 10 ఓములు కలవు. నిర్గమమును మూసి ప్రవేశమున 1 వోల్టు నిచ్చినచో, 20 ఓములలో 0.05, 10 ఓములలో 0.1 ఆంపియరు పోవును. మొదటి సంఖ్య 0.15. నిర్గమమున 0.1 ఆంపియరు వెలికి పోవుచున్నది గనుక ఆ సంఖ్యకు ఋణచిహ్నము చేర్తురు. రెండవ వైపునుండి కొలిచిన 0.3, మరల ఋణ 0.1 వచ్చును. ముందుకు పోవు సంఖ్యయు, వెనుకకు వచ్చు సంఖ్యయు సమానము. నిరోధములు, తీగచుట్టలు, కండెన్సర్లు మాత్రమే యున్న పెట్టెలో ఎల్లప్పుడును ఇంతే.

వాల్వుగాని ట్రాన్సిస్టరుగాని ఉన్నచో ఈ సమానత్వము చెడును. ముందుకు పోవు సంఖ్య పెద్దది, వెనుకకు వచ్చునది చిన్నది. ధ్వని పెంపునకు ఆధారము ఇదియే. కాని చిన్నది సున్న కాదు. మూడు ఎలక్ట్రోడుల వాల్వులో గ్రిడ్డునకును ప్లేటునకును నడుమ కొలది పికోఫారడుల కండెన్సరు సహజముగనే ఏర్పడియుండును. అది 5 పికోఫారడులైనచో, 1 కిలోహెర్ట్జు వద్ద దాని అడ్మిటెన్సు సుమారు 0.03 మైక్రోసీమెన్సు, మీడియం వేవు నడుమనున్న 1,000 కిలోహెర్ట్జుల వద్ద సుమారు 31. వేయిరెట్లు తెరచిన ఈ దొడ్డిదారిని వెనుకకు వచ్చిన సంకేతము మరల పెరిగి, మరల వెనుకకు వచ్చి, తుదకు సెట్టు తానే కూయసాగును. అట్టి సెట్టు తన ఏరియల్ ద్వారా ఇరుగుపొరుగు సెట్లకును బాధ కలిగింపగలదు.

అడ్మిటెన్సులకు గల ఒక సుగుణము ఇచ్చట అక్కరకు వచ్చును. రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన, ఉమ్మడి తీగతో కలిపినచో, వాని సంఖ్యలను కూడిన చాలును. అమెరికా ఆచార్యుడు లూయీ హేజెల్టిన్ 1923లో ప్రకటించిన న్యూట్రోడైన్ సెట్టును ఈ దృష్టితో చక్కగా గ్రహింపవచ్చును. తీగచుట్టలో వ్యతిరేక దశ గల కొననుండి చిన్న కండెన్సరు ద్వారా మరియొక దారి నేర్పరచిరి. దాని వెనుకటి సంఖ్య వాల్వు సంఖ్యకు సమానము, చిహ్నము మాత్రము విరుద్ధము. రెండును కలిసి సున్న. కూత అణగెను. తొలినాటి ట్రాన్సిస్టరు సెట్లలోను ఈ ఉపాయమును వాడిరి.

ఈ సంఖ్యలు ఒక్కొక్క పౌనఃపున్యమునకు వేరుగా నుండును. ట్రాన్సిస్టరు విషయమున చిన్న సంకేతములకు మాత్రమే చెల్లును. అత్యున్నత పౌనఃపున్యములయందు కొనలను సరిగా మూయుట కష్టము గనుక, అచ్చట తరంగములు ఎంత తిరిగివచ్చునో కొలిచి, కావలసినచో అడ్మిటెన్సులుగా మార్చుకొందురు. ఏ పద్ధతిని కొలిచినను, పెట్టె ఎంత పెంచునో చూచి తృప్తిపడరాదు. ఎంత వెనుకకు విడుచునో గూడ చూడవలెను.