మీకు తెలుసా? కడపలో తెల్లవారుజామున సూపర్ బౌల్

అమెరికాలో ఫిబ్రవరి రెండో ఆదివారం సాయంత్రం అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మొదలయ్యేటప్పటికి కర్నూలు, కడపల్లో సోమవారం తెల్లవారుజామున 5 గంటలు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో అప్పుడు సాయంత్రం ఐదున్నర. అక్కడ ఉన్న కొడుకు "లేసినావా నాయనా? టీవీ పెట్టు, ఆట మొదలవుతాంది" అని ఫోన్ చేస్తే, ఆట సంగతి ఏమీ తెలియకపోయినా బిడ్డ చూసేదే తామూ చూద్దామని కూర్చునే అమ్మానాన్నల కోసం ఈ వారం ముచ్చట్లు. ఆ ఫ్రిస్కోలోనే డల్లాస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన మైదానం ఉన్నాయి. 2016లో తెరిచారు. మనవాళ్లు వెళ్లే కార్యసిద్ధి హనుమాన్ గుడి కూడా ఆ ఊళ్లోదే.

కొత్తగా చూసేవారికి ఇదంతా ఒట్టి తోపులాటలాగే ఉంటుంది. నిజానికి ఇది దూరం కొలిచే ఆట. జాతరల్లో బండలాగుడు పోటీలు చూసినవారికి ఇట్టే పట్టుబడుతుంది. అక్కడ ఇచ్చిన సమయంలో ఎద్దుల జత బండను ఎంత దూరం లాగిందో అడుగులు, అంగుళాలతో సహా కొలుస్తారు కదా. ఇక్కడ బంతి చేతిలో ఉన్న జట్టుకు 4 అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ 4 అవకాశాలు, జరగకపోతే బంతి అవతలివారిది. అలా 100 గజాల మైదానంలో ముందుకు పోయి, చివరి గీత దాటించారంటే 6 పాయింట్లు. అదే టచ్‌డౌన్. అంతదాకా పోలేమనుకుంటే దూరం నుంచే బంతిని తన్ని గుంజల మధ్యగా పంపినా 3 పాయింట్లు వస్తాయి. సగం ఆట అర్థం కావడానికి ఈ మాత్రం చాలు.

మిగతా సగం నాలుగో అవకాశం దగ్గర ఉంది. మూడు అయిపోయాయి, ఇంకా రెండు గజాలు మిగిలాయి. బంతిని దూరంగా తన్నేసి అవతలివారిని వెనక్కి నెట్టాలా? మూడు పాయింట్లతో సరిపెట్టుకోవాలా? తెగించి ఆ రెండు గజాల కోసం పోవాలా? తెగించి ఓడితే బంతి ఉన్నచోటే పగవాడి చేతికి పోతుంది. కోచ్ ముఖం తెరమీద పెద్దగా కనిపించేది అప్పుడే. ఆట చూస్తూ వేరే పని చేసుకునేవారు కూడా ఆ నిమిషంలో మాత్రం తల ఎత్తాలి. నా లెక్కలో ఈ ఆటకు ప్రాణం అదే.

టీవీలో మైదానం మీద అడ్డంగా పసుపు గీత ఒకటి కనిపిస్తుంది. పది గజాల గమ్యం అది. స్టేడియంలో కూర్చున్నవారికి ఆ గీత కనబడదు, ఎందుకంటే అది నేలమీద లేదు! 1998 సెప్టెంబరులో ఈఎస్‌పీఎన్ ప్రసారంలో మొదటిసారి వేశారు. కెమెరా ఎటు తిరిగిందో కంప్యూటర్ లెక్కగట్టి, గడ్డి రంగు ఉన్నచోట మాత్రమే గీత గీస్తుంది. ఆటగాడి చొక్కా, బూటు రంగులను వదిలేస్తుంది. అందుకే గీత అతని కాళ్లకింద నిజంగా పరిచినట్టే ఉంటుంది. ఈసారి ఆటగాడు గీత దాటేటప్పుడు అతని బూటు అంచు చూడండి.

దూరం గురించి సందేహం వస్తే 10 గజాల గొలుసును మైదానంలోకి తెచ్చి కొలవడం దశాబ్దాల ఆచారం. 2025 సీజన్ నుంచి ఆ పని కెమెరాలు చేస్తున్నాయి, గొలుసు తోడుగా మిగిలింది. ఆ కెమెరాల ఏర్పాటు హాక్‌ఐ వాళ్లది. క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూకి బంతి దారి చూపించేదీ వాళ్లే.

మైదానం అంచున కోచ్‌లు, ఆటగాళ్లు నీలిరంగు తొడుగున్న ట్యాబ్లెట్ పట్టుకుని ఇందాకటి ఆట ఫొటోలు చూసుకుంటుంటారు. అవి మైక్రోసాఫ్ట్ వారి సర్ఫేస్‌లు, 2014 నుంచి వాడుతున్నారు. ఆ కంపెనీ పగ్గాలు సత్య నాదెళ్ల చేతికి వచ్చింది కూడా 2014 ఫిబ్రవరిలోనే. ఆయన తండ్రి యుగంధర్‌ది మన పక్కనే, అనంతపురం జిల్లా బుక్కాపురం.

ఆట గడియారం ప్రకారం 60 నిమిషాలే. కూర్చుంటే మూడున్నర గంటలు పైమాటే. బంతి నిజంగా కదిలేది 11 నిమిషాలని 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్క తేల్చింది. మధ్యలో ప్రకటనలు. 2025 సూపర్ బౌల్‌లో 30 సెకన్ల ప్రకటనకు కొందరు 80 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కన 70 కోట్ల రూపాయల దాకా పోశారు. అమెరికాలోనే సగటున 12.77 కోట్ల మంది చూశారు మరి! ఆ ఆటలో ఫిలడెల్ఫియా ఈగల్స్ 40–22తో కాన్సాస్ సిటీ చీఫ్స్‌ను ఓడించింది.

సగం ఆట అయ్యాక పాటల కచేరీ. 1993లో మైకేల్ జాక్సన్ ఆడిపాడినప్పటి నుంచి దానికి ఇంత ఆర్భాటం. కడపలో అప్పటికి ఆరున్నర దాటి తెల్లవారుతుంటుంది. పాలు పొయ్యిమీద పెట్టుకోవడానికి అదే అదను. గెలిచినవారికి కప్పు ఇచ్చేసరికి ఉగ్గాని, బజ్జీల వేళవుతుంది.

ఇంత సందడికి మూలమైన మొదటి సూపర్ బౌల్ 1967 జనవరి 15న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. రెండు టీవీ చానెళ్లు ప్రసారం చేశాయి, ఏ ఒక్కటీ టేపు దాచలేదు. 2005లో పెన్సిల్వేనియాలో ఒక ఇంటి అటకమీద దొరికిన టేపులో ఆట చాలావరకు ఉంది కానీ పూర్తిగా లేదు.

మనవాళ్లూ ఆడారు. 2011లో ప్రకటించిన ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేది. సూపర్ బౌల్ గెలిచిన కర్ట్ వార్నర్, మైక్ డిట్కా ఆ లీగులో పెట్టుబడి పెట్టారు. అది నిలవలేదు.

2023 అక్టోబరు 16న ముంబయిలో ఒలింపిక్ కమిటీ సమావేశం క్రికెట్‌ను 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో చేర్చడం మనకందరికీ గుర్తుంది. అదే రోజు, అదే గదిలో ఈ ఆటకే మరో రూపమైన ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కూ చోటిచ్చారు. జట్టుకు అయిదుగురు. గుద్దుకోవడం, పడేయడం ఉండవు. నడుముకు వేలాడే గుడ్డపీలిక లాగేస్తే పట్టుకున్నట్టే. హెల్మెట్ అక్కర్లేదు, ఆడపిల్లలకూ విడిగా పోటీ ఉంది. కర్నూలు, కడప బడుల్లో పీఈటీ మాస్టార్లు ఒక బంతి, పది జతల పీలికలు తెచ్చి ఆడించి చూస్తే బాగుంటుంది.