ఫ్లూ సూది పెద్దవాళ్లకి పనిచేస్తుందా? లెక్క తేల్చడం ఎందుకంత కష్టం?

కాకినాడ: ముసురు పట్టిందంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్లకి దగ్గు, జ్వరం. జీజీహెచ్‌కి తీసుకెళ్లినా, ప్రైవేటు డాక్టరుకి చూపించినా చాలామంది అడిగేది ఒకటే. "మామ్మగారికి ఫ్లూ సూది వేయిస్తే ఇంక జ్వరం రాదాండీ?"

రాదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. వయసు పెరిగేకొద్దీ రోగనిరోధక శక్తి నెమ్మదిస్తుంది. అదే సూది పాతికేళ్ల కుర్రాడికి ఇచ్చినంత రక్షణ 70 ఏళ్ల తాతగారికి ఇవ్వకపోవచ్చు. పైగా ఫ్లూ వైరస్ రూపం మారుస్తుంటుంది. అందుకే డబ్ల్యూహెచ్‌ఓ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది. అంటే ఎంత పనిచేసిందో కూడా ఏటా కొత్తగా లెక్కేయాల్సిందే.

మరి ఎలా లెక్కేస్తారు? వేసుకున్నవాళ్లలో ఎంతమంది చనిపోయారు, వేసుకోనివాళ్లలో ఎంతమంది అని చూస్తే సరిపోదా?

అక్కడే అసలు తిరకాసు! అమెరికాలోని సియాటెల్‌లో 65 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా రికార్డులు చూశారు. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. టీకా వేసుకున్నవాళ్లలో మరణాల ముప్పు 61 శాతం తక్కువ! కానీ అది ఫ్లూ సీజన్ ఇంకా మొదలవ్వకముందు లెక్క. ఫ్లూనే లేనప్పుడు ఫ్లూ టీకా ప్రాణం ఎలా కాపాడుతుంది? విషయం ఏంటంటే, కాస్త ఓపికుండి నడవగలిగినవాళ్లే టీకా కేంద్రానికి వెళ్లారు. మంచం పట్టినవాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. టీకా గొప్పతనంలా కనిపించిన దాంట్లో చాలా భాగం వాళ్ల ఆరోగ్యమే.

సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సూది ఇచ్చి చూస్తే ఈ గొడవ ఉండదు. నెదర్లాండ్స్‌లో 60 ఏళ్లు దాటిన 1,838 మందిపై అలాగే చేశారు. 1994లో వచ్చిన ఆ ఫలితాల్లో ఫ్లూ దాదాపు సగానికి తగ్గింది. కానీ పెద్దవాళ్లకి టీకా వేయాలని డాక్టర్లే చెబుతున్నప్పుడు, ఇప్పుడు ఉత్త సూది ఇస్తే న్యాయం కాదు కదా.

అందుకే ఇప్పుడు వేరే దారి పట్టారు. దగ్గు, జ్వరంతో ఆస్పత్రికి వచ్చినవాళ్లందరికీ ముక్కులోంచి స్వాబ్ తీస్తారు. ఉదాహరణకి ఫ్లూ తేలిన 100 మందిలో టీకా వేసుకున్నవాళ్లు 25 మంది, ఫ్లూ కాదని తేలిన 100 మందిలో 40 మంది అనుకుందాం. 25కి 75, 40కి 60. ఈ రెండు నిష్పత్తుల్ని పోలిస్తే ముప్పు సగం తగ్గినట్టు, అంటే టీకా 50 శాతం పనిచేసినట్టు. ఇక్కడ రెండు గుంపులూ ఆస్పత్రిదాకా వచ్చినవాళ్లే కాబట్టి పాత తిరకాసు చాలావరకు పోతుంది.

డోసు పెంచితే? మామూలు టీకాకి నాలుగు రెట్ల మందు ఉన్న డోసుని అమెరికా, కెనడాల్లో దాదాపు 32 వేల మంది పెద్దవాళ్లపై పరీక్షించారు. మామూలు డోసు కంటే ఫ్లూ కేసులు 24 శాతం తగ్గాయని 2014లో తేలింది.

మన దేశంలో చెన్నై సహా నాలుగు చోట్ల 60 దాటిన 5 వేల మందికి పైగా ఇళ్లకి ప్రతి వారం వెళ్లి, 2018 నుంచి 2020 దాకా ఫ్లూ ఎంతమందికి వస్తోందో చూశారు. టీకా సంగతి తేల్చడం మాత్రం ఇక్కడ ఇంకా కష్టం. పెద్దవాళ్లకి ఇది ప్రభుత్వ ఉచిత టీకాల్లో లేదు, సొంత డబ్బులు పెట్టాలి. వేసుకునేవాళ్లే అరుదైతే పోల్చేది ఎవరితో? వేయించినవాళ్లలోనూ తేదీ, టీకా పేరు రాసిన చీటీ దాచుకునేవాళ్లు ఎందరు? ఆ చీటీ లేకపోతే ఆ మనిషి ఏ లెక్కలోకి వస్తారో డాక్టరుకీ తెలీదు.