రంగులు దిద్దుటకు ముందు

మా యింట పిన్నిగారి పెండ్లి ఫొటో ఒకటి కలదు. 1981వ సంవత్సరమున తీసినది. పీటలపై కూర్చున్న వధూవరుల చిత్రము అదొక్కటియే మిగిలినది. నలువది యేండ్లు ఆల్బములో నుండి అది ఇటుకవన్నెకు తిరిగినది. దానిని స్కానరుపై నుంచి కంప్యూటరులోనికి తెచ్చి, ఒకనాటి రాత్రి రంగులు సరిదిద్దబూనితిమి. పసుపునీట తడిపిన మధుపర్కములను తెల్లని వస్త్రములే గదా యని తలంచి, తెలుపును నిర్ణయించు పరికరమును వానిపై నుంచితిమి. అప్పటికిని పసుపుగనే తోచగా రంగులను నీలము వైపునకు జరిపితిమి. తృప్తిపడి, మరునాడు అచ్చు వేయించి పిన్నిగారి చేతికిచ్చితిమి. ఆమె దానిని వెలుతురున పట్టి చూచి, "ఏమర్రా, నా మధుపర్కాల పసుపంతా కడిగేశారేమిటి?" అన్నది.

మాకు మాట తోచలేదు. వస్త్రములు సున్నపుగోడవలె నున్నవి. ముఖములపై నీలిచాయ క్రమ్మినది. పెండ్లి చిత్రములో పసుపు కడిగివేయుట చిన్న పొరపాటు కాదు. పాతఫొటోలను ఇట్లు దిద్దుకొనువారు నేడు ఇంటింట నున్నారు గనుక, ఆ పొరపాటెట్లు జరిగినదో, దానినెట్లు తప్పించుకొనవచ్చునో ఇచ్చట వివరింతుము.

మొదటి దోషము తెరది. రాత్రివేళ కన్నులకు హాయిగా నుండుటకై నీలపు వెలుగును తగ్గించు ఏర్పాటు మా తెరకు కలదు. అది పనిచేయుచున్న సంగతి మరచితిమి. తెర పూసిన పసుపును చిత్రముదే యని భ్రమించి తీసివేయుచు పోతిమి.

రెండవ దోషము కంటిది. ఫ్రాన్సు దేశమున గోబెలిన్ చిత్రకంబళముల కర్మశాలలో అద్దకములకు అధికారిగా నుండిన షెవ్రల్ అను రసాయనశాస్త్రజ్ఞునకు ఒకప్పుడు ఫిర్యాదు వచ్చినది; నల్లదారము తగినంత నల్లగా లేదట. పరీక్షింపగా అద్దకములో లోపము కానరాలేదు. ప్రక్కనున్న రంగుల ప్రభావముచే నలుపు వెలవెలబోవుచున్నదని ఆయన గ్రహించి, ఈ విషయమునే విపులీకరించి 1839లో గ్రంథము వెలువరించెను. కన్ను రంగును ఒంటరిగా చూడదు. పొరుగుతో పోల్చి చూచును. కొంతసేపటికి ఎట్టి చాయకైనను అలవాటుపడును.

కావున దిద్దుటకు ముందు కొలుచుట నేర్వవలెను. ఫోటోషాప్ 1990లో వెలువడినది. ఉచితముగా లభించు గింప్ 1996లో వచ్చినది. వీనిలో ఏది వాడినను అందలి పరికరములను రెండు జాతులుగా తెలిసికొనవలెను. చిత్రమును పెద్దది చేసి చూచుట, అచ్చులో ఎట్లుండునో ముందుగా తెరపై చూచుట, వర్ణాంధత గలవారికి ఎట్లు కనబడునో చూచుట, ఇవి చూపునకు సంబంధించినవి. గింప్‌లో వీనిని వ్యూ అను పట్టికలో చూడవచ్చును. వీనివలన చిత్రమేమియు మారదు. కళ్లజోడు మార్చినంతమాత్రమున ఎదుటి గోడ రంగు మారదు గదా! కలర్స్ అను పట్టికలోనివి అట్టివి కావు. అవి గోడకే రంగువేయును. ఏది కళ్లజోడో, ఏది కుంచెయో తెలియనివాడు పని ప్రారంభింపరాదు.

చిత్రపు ఫైలులో నిజముగా నున్నవి అంకెలు. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల కలయికచే నానావర్ణములను చూపవచ్చునని మాక్స్‌వెల్ 1861లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రదర్శించెను. నేటి తెరయు ఆ సూత్రముపై పనిచేయునదే. సామాన్యమైన చిత్రములో ఒక్కొక్క చుక్కకు మూడంకెలు; ప్రతి అంకెయు 0 మొదలు 255 వరకు ఉండును. మూడును 0 అయినచో నలుపు, మూడును 255 అయినచో తెలుపు, నడుమ మూడును సమానమైనచో బూడిదవన్నె. మొత్తము 1,67,77,216 కలయికలు. కలర్ పికర్ అను పరికరమును ఏ చుక్కపై నుంచినను ఆ అంకెలను చెప్పును. తెర పసుపుగా నున్నను, రాత్రియైనను, ఆ అంకె మారదు.

ఈ అంకెల జనాభా లెక్కయే హిస్టోగ్రాము. ఎడమ కొసన చీకటి చుక్కలు, కుడి కొసన వెలుగు చుక్కలు. ఎచ్చట ఎన్ని యున్నవో గుట్టలవలె కనబడును. మా స్టూడియోలలో ధ్వనిస్థాయిని చూపు మీటరు వంటిది ఇది. గంటల తరబడి విన్న చెవి అలసిపోవును, మీటరు అలసిపోదు. స్థాయి హద్దు దాటినచో స్వరము పగులును. పగిలిన స్వరమును పిమ్మట తగ్గించినను అతకదు. అట్లే కుడి కొసకు త్రోసి 255 వద్ద పోగుపడిన చుక్కలలోని వివరము నశించును. జరీ అంచు తెల్లని మచ్చగా మారుట ఇందువలననే.

ఇక ఆ యెఱ్ఱదనమునకు కారణము చూతము. నాటి రంగుఫొటోలలో మూడు అద్దకములుండును. వానిలో నీలాకుపచ్చని అద్దకము ఎఱ్ఱవెలుగును అడ్డగించునది. నాటి చాల ఫొటోలలో కాలక్రమమున మిగిలినవానికన్న ముందు క్షీణించునది అదే. అడ్డు తొలగుటచే ఎఱుపు పొంగును. హిస్టోగ్రాములో ఎఱుపు గుట్ట ఎడమ కొసను వీడి కుడివైపునకు జరిగి యుండును.

దీనికి మందు లెవెల్స్ అను పరికరము. మూడు రంగులను కలిపి గాక, ఒక్కొక్క రంగును విడిగా తీసికొనవలెను. ఎఱుపులో నలుపు గుర్తును గుట్ట మొదలగు చోటికి జరిపినచో ఎఱ్ఱదనము చాల వరకు దిగును. ఆకుపచ్చ, నీలములకును అట్లే కొసలు సరిచూడవలెను. పిమ్మట ఇంకను చాయ మిగిలినచో, బూడిదవన్నెను నిర్ణయించు పరికరమును వాడవచ్చును. మేము జారినది ఇటువంటి చోటనే. పరికరమునకు మధుపర్కములు తెలియవు. "ఇది నిర్వర్ణము" అని మనము చెప్పినచో నమ్మి, దానిలోని పసుపును చిత్రమంతటినుండి తీసివేయును. అందుచే నిజముగా వన్నెలేని వస్తువును ఎన్నుకొనవలెను. మా చిత్రములో వెనుక నిలిచిన పెద్దాయన తెల్లచొక్కా నీడపట్టు అందుకు పనికివచ్చినది. కాని చొక్కాకు నీలిమందు పెట్టి యుండవచ్చును. ఒక్క సాక్షిని నమ్మక, నల్లని జుట్టును, మరియొకరి పంచెను గూడ కలర్ పికర్‌తో విచారింపవలెను. చివర కర్వ్స్‌తో నడిమి వెలుగును కొంచెము సవరించిన చాలును. సాచురేషన్ పెంచుటకు చేయి తొందరపడును. ముఖములు కుంకుమవన్నెకు రాకమునుపే ఆపవలెను.

తెర విషయమున కొన్ని జాగ్రత్తలు. రాత్రి ఏర్పాటును ఆపివేయవలెను. చిత్రము చుట్టును రంగులేని బూడిద నేపథ్య ముంచవలెను. గదిలో వెలుతురు నిలకడగా నుండవలెను. ఇంటివాడుకకు, ఎస్‌ఆర్‌జీబీ అను ప్రమాణమునకు తెరను అమర్చుకొనుట మేలు. 1996లో ప్రతిపాదింపబడి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైనది అది. అచ్చు వేయించునప్పుడు మొదట చిన్నప్రతి తీయించి పగటి వెలుతురున చూడవలెను.

అన్నిటికంటె ముఖ్యము: స్కాను చేసిన మూలఫైలును ముట్టరాదు. దిద్దుబాటు వేరుప్రతిపై జరుగవలెను. మేము మొదటిసారి మూలముపైననే భద్రపరచితిమి. అసలు ఫొటో ఆల్బములో నుండుటచే మరల స్కాను చేయగలిగితిమి. అది లేనియెడల పసుపు తిరిగి వచ్చుట కల్ల.

రెండవప్రతిని పిన్నిగారు చాలసేపు చూచినది. ఏమియు అనలేదు. ఆల్బము తెచ్చి, వెలిసిపోయిన ఫొటో ప్రక్కననే దానిని అంటించుకొన్నది.