వదులుగా ఒకటి, బిగువుగా ఒకటి

సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఎంసీఈఎంఈ ఉంది. సైన్యంలో ట్యాంకు నుంచి పిస్తోలు దాకా చెడిపోయిన ప్రతిదాన్నీ బాగుచేసే ఈఎంఈ దళానికి అది చదువుల బడి. ఆ దళానికి బాగా తెలిసిన పాతకాపు ఒకటుంది: పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ. తయారైంది బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో. పుట్టిల్లు మాత్రం బెల్జియంలోని లియేజ్.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఫ్రెంచి సైన్యం కనీసం పది తూటాలు పట్టే పిస్తోలు కావాలంది. లియేజ్‌లోని ఎఫ్‌ఎన్ కర్మాగారం కోసం అమెరికన్ జాన్ బ్రౌనింగ్ ఆ పనికి పూనుకుని, 1926 నవంబరులో అక్కడే గుండె ఆగి పోయాడు. మిగతాది పూర్తిచేసినవాడు డ్యుడొనె సైవ్. తూటాలను మ్యాగజీన్‌లో ఎడాపెడా రెండు వరసలుగా పేర్చి, పైకొచ్చేసరికి ఒక్కటిగా కలిసేలా చేసింది ఆయన బుర్రే. దాంతో 13 తూటాలు పట్టాయి. 1935లో బెల్జియం సైన్యం తీసుకుంది. కావాలని అడిగిన ఫ్రాన్సు తీసుకోలేదు! రెండో యుద్ధంలో లియేజ్ జర్మన్ల చేతికి చిక్కితే, కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ ఇదే పిస్తోలును చైనా సైన్యానికి చేసిపెట్టింది. మన ఇషాపూర్ పిస్తోలు ఆ ఇంగ్లిస్ నమూనాకు వారసురాలు.

లోపల జరిగేది చూడముచ్చటైన పని. తూటా పేలగానే గొట్టం, దానిమీది స్లైడ్ ఒకదాన్నొకటి పట్టుకునే కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి. ఈలోగా తూటా బయటపడుతుంది, పీడనం తగ్గుతుంది. అప్పుడు గొట్టం వెనక కొస కిందికి వంగి పట్టు వదులుతుంది. స్లైడ్ ఒంటరిగా వెనక్కిపోయి, ఖాళీ గుల్లను బయటికి విసిరి, సుత్తిని లేపి, స్ప్రింగు తోస్తే తిరిగివస్తూ కొత్త తూటాను లోపలికి నెడుతుంది.

చిక్కంతా ఆ వంగే గొట్టంతోనే. ప్రతి పేలుడుకీ కదిలి మళ్లీ పాత చోటికే, వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. అంత బిగువుగా అమరిస్తే గురి కుదురుతుంది, కానీ కాస్త ఇసుక పడితే ఇరుక్కుంటుంది. వదులు ఉంచితే బురదలోనూ పనిచేస్తుంది, గురి కొంచెం చెదురుతుంది. సైన్యం వదులునే కోరుకుంటుంది. నా మాట అడిగితే అదే తెలివి. కందకంలో ఉన్నవాడికి పోటీ లక్ష్యం నడిమధ్యనుండే పదో వలయంతో పనిలేదు.

దీని ట్రిగ్గర్‌కు మాత్రం మంచిపేరు లేదు. మ్యాగజీన్ తీసేస్తే పేలకూడదన్నది ఫ్రెంచివాళ్ల షరతుల్లో ఒకటి. అందుకోసం ట్రిగ్గర్‌కు తగిలించిన చిన్న ముక్క, నొక్కినప్పుడల్లా మ్యాగజీన్‌ను రాసుకుంటూ పోతుంది. అడిగినవాళ్లు వెళ్లిపోయారు, రాపిడి మిగిలిపోయింది. మంచి ట్రిగ్గర్ లేత గోరుచిక్కుడు తుంచినట్టు టక్కున తెగాలి. ఇది ముదురుకాయ. పీచు సాగుతుంది.

ఆ టక్కు కోసమే పుట్టిన పిస్తోలు వేరే ఉంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ చేతిలో చూశాం. 13 ఏళ్లకే, 2018లో, ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ ఛాంపియన్ అయిన ఈషా, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో 34 హిట్లతో రజతం, జట్టుతో స్వర్ణం గెలిచింది. ఆ పోటీలో వాడేదీ సెమీ ఆటోమేటిక్ పిస్తోలే. కానీ తూటా చిన్నది, .22. పీడనం తక్కువ కనుక గొట్టాన్నీ వెనక భాగాన్నీ కట్టిపడేసే తాళం అక్కర్లేదు. వెనక ఉన్న ఇనుము బరువూ స్ప్రింగూ చాలు. గొట్టం కదలదు, గురి నిలుస్తుంది. అయితే తిండి విషయంలో మహా పేచీకోరు. ఒక రకం తూటాలతో గడియారంలా నడిచేది, ఇంకో రకం పెడితే మొరాయించవచ్చు.

ఇంతకీ ట్రిగ్గర్‌కు ఈ గౌరవం ఎందుకు? లెక్క వేయండి. ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం 22 సెంటీమీటర్లకు మించకూడదని నియమం. వేలు మొరటుగా లాగడం వల్ల ముందు గురి ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే, 25 మీటర్ల దూరాన తూటా సుమారు 11 సెంటీమీటర్లు తప్పుతుంది. నిదానంగా కాల్చే మొదటి భాగంలో పదో వలయం అడ్డంగా కొలిస్తే 5 సెంటీమీటర్లే. అంటే పావు మిల్లీమీటరుకే పది చేజారినట్టు. రెండో భాగంలో పదో వలయం రెట్టింపు పెద్దది. కానీ లక్ష్యం కనబడేది మూడు సెకన్లు. చెయ్యి కిందికి దించి సిద్ధంగా ఉండి, ఆ మూడు సెకన్లలో ఎత్తి, గురిచూసి, నొక్కాలి. ఒక తూటా అయ్యాక ఏడు సెకన్ల విరామం, మళ్లీ ఎత్తడం.

అలాగని ట్రిగ్గర్‌ను ఈకలా తేలిక చేసుకుంటామంటే కుదరదు. కనీసం 1000 గ్రాముల బరువుకు ఆగాలి. పోటీకి ముందు అధికారి పిస్తోలును నిటారుగా పట్టుకుని ట్రిగ్గర్‌కు కిలో తూకపురాయి లాంటిది తగిలించి మెల్లగా పైకెత్తుతాడు. బరువు బల్లమీంచి లేవాలి. ట్రిగ్గర్ పడిందా, ఆ పిస్తోలు సంచిలోకే.