లినక్స్ మొరాయిస్తే ఎవరిని అడగాలి?



డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ పాడైతే కంపెనీని అడుగుతాం. ఉబుంటు, లిబ్రే ఆఫీస్ లాంటివి ఊరికే తెచ్చుకున్నాం కదా, అవి మొరాయిస్తే దిక్కెవరు? నేను హాస్టల్‌కు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉన్నారు. దిక్కు ఉంది. ఏ సమస్యకు ఏ గడపకు వెళ్లాలో తెలుసుకుంటే చాలు.

తెలుగు టైపు చేయడాన్నే తీసుకుందాం. ఫైలు తెరవగానే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే అది సాధారణంగా ఫాంటు లేకపోవడమే. దానికి ఎవరినీ అడగనక్కరలేదు. ఉబుంటులో 'ఫాంట్స్-తెలు' అనే ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. కమాండుల సంగతి అయితే టెర్మినల్‌లో 'మ్యాన్' అని కొట్టి పక్కన కమాండు పేరు ఇవ్వండి. నెట్ లేకపోయినా వివరణ వస్తుంది. దీన్ని చదివే అలవాటు మనవాళ్లలో చాలా తక్కువ.

అక్షరాలు కనిపిస్తూ ఒత్తులు మాత్రం విడిపోతుంటే కథ వేరు. అదే మాటను ఇంకో ఫాంటులో, తర్వాత ఇంకో ప్రోగ్రాంలో పెట్టి చూడండి. ఒక్క ఫాంటులోనే చెడితే తప్పు చాలావరకు ఫాంటుది. అన్ని ఫాంట్లలోనూ ఒకే ప్రోగ్రాంలో చెడితే ఆ ప్రోగ్రాంది. అప్పుడు తయారుచేసిన వాళ్లకే చెప్పాలి. లిబ్రే ఆఫీస్ తప్పులను డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి బగ్‌జిల్లాలో, ఉబుంటు ప్యాకేజీల తప్పులను లాంచ్‌ప్యాడ్‌లో నమోదు చేస్తారు. అంతకుముందే ఎవరైనా రాశారేమో వెతకండి. రాసి ఉంటే కొత్తది తెరవకుండా దాని కిందే మీ వివరం చేర్చండి. ఆ ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఎక్కువమందికి తెలుగు చదవడం రాదు. మనం చెప్పకపోతే ఒత్తు తప్పిందని వాళ్లకు తెలిసేదెలా? తప్పు రూపం, సరైన రూపం రెండూ బొమ్మగా పక్కపక్కన పెట్టి పంపండి.

తప్పు కాదు, వాడడం తెలియక ఆగిపోయామంటే 2010లో మొదలైన ఆస్క్ ఉబుంటు మంచి చోటు. ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్లు కావాలంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది.

మనలో చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. క్లాసులో లేచి అడగడానికే జంకే వాళ్లం, ముక్కూమొహం తెలియని వాళ్లను ఇంగ్లీషులో ఏమడుగుతాం అని. నిజానికి అక్కడ కావలసింది మంచి ఇంగ్లీషు కాదు. ఏ వెర్షన్ వాడుతున్నారు, ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది, ఈ నాలుగూ నాలుగు చిన్న వాక్యాల్లో చాలు. తెరమీద వచ్చిన ఎర్రర్‌ను మాత్రం అక్షరం మార్చకుండా కాపీ చేయాలి. 'పనిచేయడం లేదు' అని ఒక్క ముక్క రాస్తే ఎంత గొప్పవాడైనా ఏమీ చేయలేడు. ప్రశ్న ఎలా అడగాలో ఎరిక్ రేమండ్ 2001లో ఒక పెద్ద వ్యాసమే రాశాడు. అందులోని గద్దింపు నాకు నచ్చదు గానీ చెప్పిన విషయం సరైనదే.

జవాబిచ్చేవాళ్లలో చాలామంది జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడు చేసేవాళ్లు. రేపు ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలంటే ఈ రాత్రి అడిగి లాభం లేదు.

ఇంకొకటి. అక్కడ రాసింది లోకమంతా చూస్తుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఒత్తు చెడిందని ఆ ఫైలునే పంపకండి, అందులో మీ ఆధార్, కులం, బ్యాంకు ఖాతా అన్నీ ఉంటాయి. చెడిన ఆ ఒక్క మాటను కొత్త ఫైలులో టైపు చేసి, దాన్ని పంపండి.