భాష మార్చు మీట

మన కరెన్సీ నోటును త్రిప్పి చూచినచో వెనుకవైపున ఒక చిన్న పట్టిక కనబడును. అందు నోటు విలువ పదునైదు భాషలలో ముద్రింపబడి యుండును. వానిలో తెలుగును కలదు. చెప్పవలసిన మాట రెండు పదములే గావున అన్ని భాషలను ఒకచోట చేర్చుట సాధ్యమైనది. కాని ఒక కార్యాలయపు వెబ్‌సైటులో వందలకొలది వాక్యము లుండును. వాని నన్నిటిని అన్ని భాషలలో ఒకే తెరపై నింపినచో చదువరి కేదియు బోధపడదు. అందుచే ఒకమారు ఒక భాషనే చూపి, కోరినవారికి వేఱొక భాషను చూపు ఏర్పాటు చేయుదురు. అదియే భాష మార్చు మీట.

ఇది చూచుటకు మిక్కిలి చిన్నది. దాని వెనుక జరుగు పని మాత్రము చిన్నది కాదు. ఆ పనిని క్రమముగా తెలిసికొందము.

కంప్యూటరు అక్షరముల నెఱుగదు, సంఖ్యలనే యెఱుగును. పూర్వము తెలుగు అక్షరములకు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా సంఖ్యలను నిర్ణయించుకొనిరి. అందువలన ఒకచోట వ్రాసిన తెలుగు మఱొకచోట అర్థము లేని గుర్తులుగా కనబడెడిది. 1991వ సంవత్సరమున యూనికోడు అను పద్ధతి వెలువడినది. దాని ప్రకారము ప్రతి లిపిలోని ప్రతి యక్షరమునకు ఒక ప్రత్యేక సంఖ్య కలదు. మన 'అ' కారమునకు 3077, 'క' కారమునకు 3093. ఈ పునాదిపైననే అనేక భాషలు ఒకే వెబ్‌సైటులో కలసి యుండగలుగుచున్నవి.

ఇక వాక్యముల సంగతి. నేర్పరియైన ప్రోగ్రాము రచయిత వాక్యములను ప్రోగ్రాము నడుమ వ్రాయడు. ప్రతి వాక్యమునకు ఒక పేరు పెట్టి, భాషకొక పట్టికను వేఱుగా సిద్ధము చేయును. మీట నొక్కగనే కంప్యూటరు అదే పేరుగల వాక్యమును కోరిన భాష పట్టికనుండి తెచ్చి చూపును. ఆ పట్టికలో వాక్యము లేనిచో, ఖాళీ చోటును చూపక, ముందుగా నిర్ణయించిన మఱొక భాషలోని వాక్యమును చూపును.

ఇచ్చట నొక జాగ్రత్త అవసరము. వాక్యమును ముక్కలుచేసి అనువదింపరాదు. '1 ఉత్తరము వచ్చినది' అనుటకును, '5 ఉత్తరములు వచ్చినవి' అనుటకును భేదము చూడుడు. సంఖ్య మారగనే నామమును, క్రియయు మారినవి. అరబ్బీ భాషలో సంఖ్యను బట్టి ఆఱు రూపముల వరకు ఏర్పాటు చేయవలసి యుండును. కావున ప్రతి భాషకు దాని వ్యాకరణము ననుసరించి పూర్తి వాక్యములనే వ్రాయవలెను.

వెబ్‌సైటును తెఱచినప్పుడు మొదట ఏ భాష చూపవలెను? మన బ్రౌజరు ప్రతి విన్నపముతోను తన యజమానునికి ఇష్టమైన భాషల జాబితాను పంపును. దానిని బట్టి ఒక భాష నూహింపవచ్చును. కాని ఊహ తప్పవచ్చును. ఎరువిచ్చిన ఫోను వేఱొకరి భాషను తెలుపును. ఊరిని బట్టి యూహించినచో చెన్నపట్టణములోని తెలుగువానికి తమిళమే యెదురగును. అందుచే మనుష్యుడు స్వయముగా ఎన్నుకొన్న భాషయే యూహకంటె గొప్పది. ఆ యెన్నికను కుకీ యను చిన్న గుర్తులో దాచి, అతడు మరల వచ్చినప్పుడు అదే భాషను చూపవలెను.

మీటపై భాషల పేర్లు వ్రాయుటకును ఒక న్యాయము కలదు. ప్రతి భాష పేరును ఆ భాష లిపిలోనే వ్రాయవలెను. తెలుగు మాత్రమే చదువగలవానికి ఇంగ్లీషు అక్షరములలో 'తెలుగు' అని వ్రాసి ప్రయోజన మేమి? మూడువందలకు పైగా భాషలలో నున్న వికీపీడియాలో ఈ పద్ధతినే పాటింతురు. 2003 డిసెంబరున ఆరంభమైన తెలుగు వికీపీడియా పేరు ఆ జాబితాలో తెలుగు లిపిలోనే కనబడును. కొందఱు భాషలకు గుర్తులుగా జెండాలను వాడుదురు. అది సరికాదు. ఒకే జెండా నీడన తెలుగు, తమిళము, బెంగాలీ మొదలగు భాషలన్నియు నున్నవి. ఇంగ్లీషో, పెక్కు జెండాల క్రింద నున్నది.

ఉర్దూ కుడినుండి యెడమకు సాగును. 2017లో తెలంగాణమున అది రెండవ అధికార భాషగా నిర్ణయింపబడినది. అట్టిచోట మీట నొక్కినప్పుడు మాటలేకాక, తెరపై నున్న వస్తువుల వరుసయు తిరుగవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. ఒక వృద్ధురాలు పింఛను కొఱకు దరఖాస్తును సగము నింపి, ఒక ప్రశ్న అర్థము కాక భాషను మార్చినదనుకొనుడు. మీట నొక్కగనే నింపిన దంతయు చెరిగిపోయినచో ఆమె మరల నింపునా? నిరాశతో లేచిపోవును, లేదా తన లెక్కలు, తన కష్టములు పరులకు చెప్పి, వారిచేత వ్రాయించుకొనును. కావున భాష మారినను నింపిన వివరములు చెక్కుచెదరక నిలువవలెను. ఆమె యున్న పుటయే ఆమె ముందుండవలెను.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఇట్టి మీటలను నిర్మింపవచ్చును. అప్పుడు మీ కెదుట కనబడని చదువరిని తలచుకొనుడు. తన పనిని తన భాషలో, ఒకరిని యాచింపక, తానే చేసికొనగలుగుట మనుష్యునికి గౌరవము. ఆ గౌరవమును కాపాడుటయే ఈ చిన్న మీట చేయు పెద్ద పని.