మూతకు చిల్లులు పెడితే చాలా?

విద్యార్థులారా! మూతకు నాలుగు చిల్లులు పెట్టినంత మాత్రాన డబ్బాలో గాలి ఆడుతుందా? ఈ ప్రశ్నకు తప్పు సమాధానం చెప్పుకొని ఒక ప్రాణి చావుకు కారణమైనవాణ్ణి నేను. అందుకే ఈ సంగతి మీకు చెబుతున్నాను.

మా తోటపల్లి గూడూరు సముద్రానికి దాపున ఉన్న ఊరు. చుట్టూ వరిమళ్లు. వరి ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట జెర్రిపోతులు మామూలే. కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో మా పెరట్లోకి వచ్చిన జెర్రిపోతును వీధి కుర్రాళ్లు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలోకి తోశారు. అటవీశాఖ వారికి కబురు చేశాము. వారు వచ్చేలోగా పాముకు ఊపిరాడాలి కదా అని, నేనే మేకు కాల్చి మూతకు నాలుగు చిల్లులు పెట్టి, డబ్బాను వరండాలో ఉంచాను. మధ్యాహ్నానికి ఎండ వరండాలోకి వాలింది. మూడు గంటలకు చూస్తే పాము చచ్చిపడి ఉంది. డబ్బా గోడలు లోపల చెమర్చి ఉన్నాయి.

అటుగా వచ్చిన ఒక యానాది పెద్దాయన డబ్బాను తాకి చూసి, "అయివోరా, ఇది ఊపిరాడక చావలేదు, ఉడికి చచ్చింది. కుండలో పెట్టి నీడన ఉంచుంటే బతికుండేది" అన్నాడు. సైన్సు మాస్టారునైన నాకు ఆయన ఆ రోజు పాఠం చెప్పాడు!

పాముకు ఎంత గాలి కావాలి?

లెక్క వేసి చూద్దాం. గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్. అంటే 20 లీటర్ల డబ్బాలో 4 లీటర్లకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. పాము మనలాగా ఒంటి వేడిని తానే పుట్టించుకొనే జంతువు కాదు. కదలకుండా ఉన్నప్పుడు, అంతే బరువున్న క్షీరదానికి కావలసిన ఆక్సిజన్‌లో దానికి పదోవంతు కూడా అక్కరలేదు. చాలా పాములకు కుడి ఊపిరితిత్తే ప్రధానం. ఎడమది బాగా చిన్నది, లేదా అసలే ఉండదు. కిలో బరువున్న పాముకు ఆ డబ్బాలోని ఆక్సిజన్ ఒక పగటికి చాలినంత ఉంటుంది.

మరి చిల్లులెందుకు? వేడినీ తేమనూ బయటికి పంపడానికి! ఎండ తగిలిన డబ్బాలో గాలి వేడెక్కుతుంది. బయటికి దారి లేక ఆ వేడి లోపలే చిక్కుకుంటుంది. మనకు చెమట పోసి ఒళ్లు చల్లబడుతుంది. పాముకు చెమట గ్రంథులు లేవు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే చాలా పాములకు ప్రాణాపాయమే. పైగా వేడి పెరిగే కొద్దీ దానికి కావలసిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. ఇక నీడలోనే ఉన్నా, తేమ రోజుల తరబడి నిలిచిపోతే బూజు పడుతుంది. పాముకు చర్మం మీద పొక్కులు, ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి.

గాలికి రెండు దారులు

వేడిగాలి తేలిక కనుక పైకి పోతుంది. నీటి ఆవిరి కూడా పొడిగాలి కన్నా తేలికైనదే. పైకి పోయిన గాలి స్థానంలోకి కొత్త గాలి రావాలంటే కింద ఒక దారి ఉండాలి. ఒకే కిటికీ ఉన్న గదిలో ఉక్కపోయడం మీకు తెలుసు కదా! అందుకే డబ్బాకు ఒక పక్క కిందివైపు, ఎదుటి పక్క పైవైపు వరుసగా చిల్లులుండాలి. అమెరికా, ఐరోపా దేశాలలో కొందరు పాములను ప్లాస్టిక్ టబ్బులలో పెంచుతారు. వారు చిల్లులను పాము తల దూరనంత చిన్నవిగా, దాని ఒళ్లు గీరుకోకుండా నున్నగా చేస్తారు. అయితే ఒక్క మాట: ఎన్ని చిల్లులున్నా నేరుగా ఎండ తగిలితే రక్షణ లేదు. నీడే మొదటి రక్ష.

కుండలోని విజ్ఞానం

మద్రాసుకు దక్షిణాన, సముద్రతీరాన ఉన్న వడనెమ్మేలిలో ఇరుళర్ తెగ వారి సహకార సంఘం ఉంది. 1978లో ఏర్పడిన ఈ సంఘం ప్రభుత్వ అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు జాతులను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతుంది. పాముకాటుకు మందు ఆ విషంతోనే తయారవుతుంది. వారు పాములనుంచేది మట్టికుండలలోనే! కుండ మూతికి నూలుగుడ్డ కడతారు. ఆ గుడ్డ వేల చిల్లుల మూత. కాల్చిన మట్టికి సన్నని రంధ్రాలుంటాయి. అది తేమను పీల్చుకొని మెల్లగా బయటికి వదులుతుంది. ప్లాస్టిక్ గోడకు ఆ గుణం లేదు.

మీరే చేసి చూడండి

పాము అక్కరలేదు! ఒకే కొలతగల మూడు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి. మొదటిదానికి చిల్లులు వద్దు. రెండవదానికి మూతమీద పన్నెండు. మూడవదానికి ఒక పక్క కింద ఆరు, ఎదుటి పక్క పైన ఆరు. చిల్లులు పెట్టేటప్పుడు పెద్దల సాయం తీసుకోండి. సమాన బరువున్న మూడు తడిగుడ్డలు వేసి మూతలు పెట్టి నీడలో ఉంచండి. గంటకొకసారి గుడ్డలను తూచి రాసుకోండి. ఏది ముందుగా ఆరింది? ఎందుకు?

చివరిగా ఒక హెచ్చరిక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. పాము కనబడితే దూరంగా నిలబడి, అటవీశాఖకు కబురు చేయండి. ఆ రోజు మేము చేయవలసిందీ అదే. దాన్ని డబ్బాలోకి తోయకుండా ఉంటే, ఆ జెర్రిపోతు తన దారిన తాను వరిమళ్లలోకి వెళ్లిపోయేది.